ది క్యూర్ హిట్స్ ఆల్బమ్‌లు: ఏది కొనాలి, ఏది ఒకసారి విని వదిలేయాలి

ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ ది క్యూర్ పాటలు విందామని మొదలుపెట్టే చాలామంది నేరుగా 2001 నాటి 'గ్రేటెస్ట్ హిట్స్' దగ్గరకు వెళ్తారు. పేరే అలా ఉంది మరి. 18 పాటలూ విన్నాక కొందరు ఫ్యాన్స్ అయిపోతారు. ఇంకొందరు మాత్రం "గోతిక్ రాక్ అన్నారు, చీకటి అన్నారు, నల్లబట్టలన్నారు. ఇక్కడేమో పిల్లుల మీద పాట, శుక్రవారం మీద పాట. ఆ చీకటి ఎక్కడ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ చీకటి ఉంది, కానీ ఆ డిస్క్‌లో దాదాపు లేదు.

ఈ బ్యాండ్‌కు హిట్స్ ఆల్బమ్ ఒకటి కాదు. 1986లో ఒకటి, 1997లో ఒకటి, 2001లో ఒకటి వచ్చాయి. ఇవి కాక 2004లో బి-సైడ్లతో (సింగిల్ అంటే విడిగా అమ్మే ఒక పాట రికార్డు, దాని రెండోవైపున ఉండే పాట బి-సైడ్) నాలుగు డిస్కుల పెట్టె వచ్చింది. పాటలు చాలావరకు అవే కదా, ఏదైతేనేం అనుకుంటే పొరపాటు. ఏది ముందు వింటారన్నదాన్ని బట్టి మీ మనసులో ఈ బ్యాండ్ బొమ్మ మారిపోతుంది. అభిమానుల మధ్య ఇన్నేళ్లుగా నడుస్తున్న వాదన కూడా దీని గురించే: ఏ పాట పెట్టారు, ఏ పాట వదిలేశారు, ఎవరి కోసం వదిలేశారు.

ముందు కాస్త నేపథ్యం

ఇంగ్లండ్‌లో వెస్ట్ ససెక్స్‌లోని క్రాలీ అనే ఊరి కుర్రాళ్లు కట్టిన బ్యాండ్ ఇది. పాడేదీ, రాసేదీ, దాదాపు అన్నీ నడిపించేదీ రాబర్ట్ స్మిత్. మొదటి సింగిల్ 1978 డిసెంబర్‌లో స్మాల్ వండర్ అనే చిన్న లేబుల్ మీద వచ్చింది. లండన్‌లోని వాల్తమ్‌స్టోలో ఒక రికార్డు షాపు నడిపిన లేబుల్ అది. గోతిక్ రాక్‌కు తొలి పాటగా చాలామంది చెప్పే బావ్‌హాస్ అనే బ్యాండ్ వాళ్ల 'బేలా లుగోసీస్ డెడ్' కూడా 1979లో అదే లేబుల్ నుంచి వచ్చింది.

ది క్యూర్‌కు గోతిక్ ముద్ర పడింది ముఖ్యంగా మూడు ఆల్బమ్‌ల వల్ల: 'సెవెంటీన్ సెకండ్స్' (1980), 'ఫెయిత్' (1981), 'పోర్నోగ్రఫీ' (1982). మూడింటిలో ప్రతిదీ ముందుదానికంటే చీకటిగా ఉంటుంది. 'పోర్నోగ్రఫీ'లో మొదటి పాట మొదటి లైనే, మనందరం చచ్చిపోయినా పెద్ద తేడా ఏమీ లేదు అన్న అర్థంతో మొదలవుతుంది. ఆ ఆల్బమ్ టూర్‌లోనే బ్యాండ్‌లో గొడవలై బాస్ గిటార్ వాయించే సైమన్ గాలప్ వెళ్లిపోయాడు. అదే ఏడాది నవంబర్‌లో స్మిత్ 'లెట్స్ గో టు బెడ్' అనే అల్లరి పాప్ పాట వదిలాడు. తన చుట్టూ పేరుకున్న దిగులు ఇమేజ్‌ను తనే కావాలని పగలగొట్టుకోవడం అది. అక్కడినుంచి ఈ బ్యాండ్ రెండు దారుల్లో నడిచింది. సింగిల్స్ ఎక్కువగా పాప్ వైపు పోయాయి. ఆల్బమ్‌ల లోతుల్లో చీకటి అలాగే ఉండిపోయింది. హిట్స్ ఆల్బమ్ అంటే సింగిల్స్ కాబట్టి, పెళ్లి ఆల్బమ్‌లో అందరూ నవ్వుతున్న ఫొటోలే ఉన్నట్టు, వాటిలో ఈ బ్యాండ్ నవ్వుమొహమే ఎక్కువగా కనిపిస్తుంది. స్మిత్ మాత్రం తమను గోతిక్ అనడాన్నే ఎప్పుడూ ఒప్పుకోలేదు. జుట్టు, కాటుక, లిప్‌స్టిక్ చూసి జనం ఆ మాట నమ్మలేదనుకోండి, అది వేరే సంగతి.

ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి

పాటల సంఖ్య చూడకండి. మూడు హిట్స్ సీడీల్లోనూ 17, 18 చుట్టూనే ఉంటాయి.

మొదట చూడాల్సింది, 1980–82 కాలానికి ఎంత చోటు ఇచ్చారన్నది. గోతిక్ కోసం వచ్చినవాళ్లకు ఇదే అసలు కొలత.

రెండోది వెర్షన్. సింగిల్ కోసం కోసిన పాటకూ ఆల్బమ్‌లోని పూర్తి పాటకూ ఈ బ్యాండ్ విషయంలో చాలా తేడా ఉంటుంది. వీళ్ల మంచి పాటల్లో గొంతు మొదలవడానికి ముందు ఒకటి రెండు నిమిషాలు వాద్యాలే నడుస్తాయి. కోత పడేది సరిగ్గా అక్కడే.

మూడోది, మీరు ఆ తర్వాత ఆల్బమ్‌లు కూడా వింటారా, లేక ఈ ఒక్కదానితో సరిపెట్టుకుంటారా అన్నది. దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

నాలుగోది ఫార్మాట్. మామూలుగా ఇది చిన్న విషయం. కానీ 1986 సంకలనానికి మాత్రం ఎల్‌పీ (పెద్ద వినైల్ రికార్డు), సీడీ, క్యాసెట్ మూడూ మూడు రకాలు.

| సంకలనం | ఏడాది | పాటలు | 1980–82 పాటలు | ప్రత్యేకం |
|---|---|---|---|---|
| స్టాండింగ్ ఆన్ ఎ బీచ్ (సీడీ పేరు: స్టేరింగ్ ఎట్ ది సీ) | 1986 | ఎల్‌పీలో 13, సీడీలో 17 | సీడీలో 6 డార్క్ పాటలు | క్యాసెట్ రెండోవైపు బి-సైడ్లు |
| గలోర్ | 1997 | 18 | లేవు | 'రాంగ్ నంబర్' కొత్త పాట |
| గ్రేటెస్ట్ హిట్స్ | 2001 | 18 | 'ఎ ఫారెస్ట్' ఒక్కటే డార్క్ | రెండు కొత్త పాటలు, కొన్ని కాపీల్లో అకూస్టిక్ డిస్క్ |
| జాయిన్ ది డాట్స్ | 2004 | 4 డిస్కుల్లో 70 | హిట్స్ కావు, బి-సైడ్లు | స్మిత్ రాసిన వివరాల పుస్తకం |

స్టాండింగ్ ఆన్ ఎ బీచ్ (1986)

నన్నడిగితే మొదట వినాల్సింది ఇదే. కారణం చాలా మామూలుది: పాటలు విడుదలైన వరుసలోనే ఉన్నాయి. 1978 నుంచి 1985 వరకు ఒక బ్యాండ్ ఏమైందో చెవితోనే తెలుస్తుంది. సన్నటి గిటార్‌తో 'బాయ్స్ డోంట్ క్రై' లాంటి చురుకైన పాటలు ముందు. తర్వాత 'ఎ ఫారెస్ట్'తో పొగమంచు కమ్ముకుంటుంది. 'ప్రైమరీ', 'షార్లెట్ సమ్‌టైమ్స్', 'ది హాంగింగ్ గార్డెన్' మీదుగా ఇంకా ఇంకా లోపలికి దిగుతాం. ఆ వెంటనే 'లెట్స్ గో టు బెడ్'. ఆ పాట మొదలవగానే ఎవరో కిటికీలన్నీ ధడాల్న తెరిచేస్తారు. ఆ మలుపు గురించి పుస్తకాల్లో చదివితే రాని అనుభవం ఇక్కడ రెండు పాటల మధ్య ఉన్న రెండు సెకండ్ల నిశ్శబ్దంలో వస్తుంది.

ఫార్మాట్ గొడవ ఇప్పుడు. ఎల్‌పీలో 13 సింగిల్స్ ఉంటాయి. సీడీకి పేరు మార్చి 'స్టేరింగ్ ఎట్ ది సీ' అన్నారు, ఆల్బమ్ పాటలు నాలుగు కలిపారు: '10:15 శాటర్‌డే నైట్', 'ప్లే ఫర్ టుడే', 'అదర్ వాయిసెస్', 'ఎ నైట్ లైక్ దిస్'. క్యాసెట్‌లో ఒకవైపు ఆ 13, రెండోవైపు అప్పటికి వేరే ఎక్కడా సులువుగా దొరకని బి-సైడ్లు. అమెరికాలో ఆ రోజుల్లో టీనేజ్‌లో ఉన్న ఫ్యాన్స్‌ను కదిపితే ఈ క్యాసెట్ గురించి గంటసేపు చెబుతారు. 'ది ఎక్స్‌ప్లోడింగ్ బాయ్' లాంటి పాటను సింగిల్‌గా ఎందుకు వేయలేదు, దాన్ని ఇంకో పాట వెనక ఎందుకు దాచారు అన్న వాదన ఈ క్యాసెట్ వల్లే ఊరూరా పాకింది. అమెరికాలో ఈ సంకలనం ప్లాటినం దాటింది. అక్కడ ఈ బ్యాండ్‌ను పెద్ద జనానికి పరిచయం చేసింది ఇదే.

అట్ట మీద ముడతలు పడ్డ ముసలాయన మొహం చూసి బ్యాండ్ సభ్యుడి తాతగారేమో అనుకునేవాళ్లున్నారు. ఆయన జాన్ బటన్, రిటైరైన జాలరి. గ్లామర్ బొమ్మ వేసుకోవాల్సిన చోట ఆయన మొహం పెట్టడం ఈ బ్యాండ్ స్వభావానికి సరిగ్గా సరిపోయింది.

మచ్చ కూడా ఒకటుంది. మొదటి పాట 'కిల్లింగ్ ఎన్ అరబ్', 1978లో వచ్చిన ఆ మొదటి సింగిలే. ఆల్బమ్ పేరు తీసుకున్నది ఆ పాట మొదటి లైన్ నుంచే. ఫ్రెంచ్ రచయిత ఆల్బేర్ కామూ నవలలోని ఒక సన్నివేశం ఆధారంగా స్మిత్ రాసిన పాట అది, జాతి ద్వేషం దాని ఉద్దేశం కాదు. కానీ పేరు వింటే అలా అనిపించదు. అమెరికాలో దాన్ని విద్వేషం కోసం వాడుకుంటున్నారని అరబ్ అమెరికన్ సంఘం అభ్యంతరం చెప్పింది. తర్వాత ఆల్బమ్ మీద, ఆ పాటను అలా వాడుకోవద్దని స్టిక్కర్ వేశారు. రేడియోల్లో వేయవద్దని స్మిత్ కూడా కోరాడు. తర్వాతి ఏళ్లలో స్టేజి మీద పాడినప్పుడు మాటలు మార్చి పాడిన సందర్భాలున్నాయి. 2001 సంకలనంలో ఆ పాట లేకపోవడం ఈ నేపథ్యంలో ఎవరికీ ఆశ్చర్యం అనిపించలేదు. కొందరు పాత ఫ్యాన్స్ మాత్రం మొదటి సింగిలే లేని హిట్స్ ఏమిటని సణిగారు. రెండువైపులా వాదన ఉంది. నా మట్టుకు, కొత్తవాళ్లు నేపథ్యం తెలుసుకుని వినాల్సిన పాట అది. షఫుల్‌లో తగలాల్సింది కాదు.

ఇది మీ యాప్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే ఆ 17 పాటలనూ అదే వరుసలో మీరే ప్లేలిస్టుగా పేర్చుకోవచ్చు. వరుస మాత్రం తప్పించకండి.

గలోర్ (1997)

1986 సంకలనం ఆగిన చోట ఇది మొదలవుతుంది. 1987 నుంచి 1997 దాకా వచ్చిన సింగిల్స్, ఇదీ విడుదల వరుసలోనే. లెక్క చూడండి: 'కిస్ మీ, కిస్ మీ, కిస్ మీ' నుంచి 4, 'డిసింటిగ్రేషన్' నుంచి 4, రీమిక్స్ ఆల్బమ్ 'మిక్స్‌డ్ అప్' కాలం నుంచి 2, 'విష్' నుంచి 3, 'వైల్డ్ మూడ్ స్వింగ్స్' నుంచి 4, చివర ఒక కొత్త పాట. ఈ లెక్కలోనే దీని బలం, బలహీనత రెండూ ఉన్నాయి.

బలం మధ్యలో ఉంది. 'జస్ట్ లైక్ హెవెన్', 'లలబై', 'ఫాసినేషన్ స్ట్రీట్', 'లవ్‌సాంగ్', 'పిక్చర్స్ ఆఫ్ యూ' దగ్గరదగ్గరగా వస్తాయి. వేరే బ్యాండ్ ఏదైనా ఇందులో రెండు రాసినా జీవితం సార్థకం అనుకునేది. 1988లో తన పెళ్లికి స్మిత్ భార్య మేరీకి కానుకగా రాసిన 'లవ్‌సాంగ్' అమెరికా చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. ఇంగ్లండ్‌లో వీళ్ల పాటల్లో అన్నిటికంటే పైకెళ్లింది 'లలబై', ఐదో స్థానం. రాత్రిపూట మంచంలో పడుకున్న మనిషిని సాలీడు మింగేసే పాట టాప్ 5లో ఉండటం తలుచుకుంటే నాకిప్పటికీ సరదాగా ఉంటుంది.

బలహీనత చివర్లో. 1996 నాటి 'వైల్డ్ మూడ్ స్వింగ్స్' అభిమానుల్లో ఎక్కువమందికి అంతగా నచ్చని ఆల్బమ్. దాని నుంచి నాలుగు పాటలు వరుసగా వస్తాయి. 'మింట్ కార్' బాగానే ఉంటుంది. మిగతా మూడు దాటుకుని 'రాంగ్ నంబర్' దగ్గరకు చేరాలి. అందులో డేవిడ్ బోవీ దగ్గర వాయించిన రీవ్స్ గేబ్రెల్స్ గిటార్ ఉంటుంది. ఆయన 2012లో ఈ బ్యాండ్‌లోనే చేరిపోయాడు.

దీనిమీద పాత ఫ్యాన్స్ ప్రధాన ఫిర్యాదు కోతలు. 'పిక్చర్స్ ఆఫ్ యూ' అసలు ఏడున్నర నిమిషాల పాట. గిటార్లూ కీబోర్డూ ఒకదాని మీద ఒకటి నెమ్మదిగా పేరుకుంటూ, రెండు నిమిషాలు గడిచాక గానీ స్మిత్ నోరు విప్పడు. ఆ ఎదురుచూపే పాట. ఇక్కడున్నది ఐదు నిమిషాల లోపు ముగిసే సింగిల్ వెర్షన్. రేడియోకు అది సరే. ఇంట్లో కూర్చుని వినేవాడికి దేనికి? ఈ ఒక్క పాట కోసమైనా 'డిసింటిగ్రేషన్' కొనక తప్పదనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

'క్లోజ్ టు మీ' ఇక్కడ 1990 రీమిక్స్‌గా వస్తుంది. 1985 నాటి దాని వీడియోలో బ్యాండ్ మొత్తాన్నీ ఒక బీరువాలో కుక్కి ఆ బీరువాను కొండ అంచు నుంచి సముద్రంలోకి తోసేస్తారు. దర్శకుడు టిమ్ పోప్ రీమిక్స్ వీడియోలో కథను సముద్రం అడుగున కొనసాగించాడు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూడండి.

గ్రేటెస్ట్ హిట్స్ (2001)

అభిమానులు ఎక్కువగా తిట్టుకునేదీ, కొత్తవాళ్లు ఎక్కువగా కొనేదీ ఇదే. ఫిక్షన్ రికార్డ్స్‌తో బ్యాండ్ ఒప్పందం ముగుస్తున్న సమయంలో లేబుల్ ఒక హిట్స్ ఆల్బమ్ కావాలంది. పాటలు తానే ఎంచుకుంటానన్న షరతు మీద స్మిత్ ఒప్పుకున్నాడు. అప్పటికే సింగిల్స్ మొత్తం రెండు సంకలనాల్లో ఉన్నాయి కాబట్టి పాత ఫ్యాన్స్ మొదటి స్పందన "మళ్లీ ఇంకోటా?" అనే. అందులో తప్పేం లేదు.

రెండో స్పందన, ఏవి లేవన్న జాబితా. 'షార్లెట్ సమ్‌టైమ్స్' లేదు. 'ది హాంగింగ్ గార్డెన్' లేదు. 'ప్రైమరీ' లేదు. 'ఫాసినేషన్ స్ట్రీట్' లేదు. 'ఫెయిత్', 'పోర్నోగ్రఫీ' ఆల్బమ్‌ల నుంచి ఒక్క పాటా లేదు. ఆ చీకటి కాలానికంతా ప్రతినిధి 'ఎ ఫారెస్ట్' ఒక్కటే, అదీ కుదించిన వెర్షన్. ఆల్బమ్‌లో దాదాపు ఆరు నిమిషాలు నడిచే పాట అది. చివర్లో మిగతా వాద్యాలు ఒక్కొక్కటే ఆగిపోతుంటే గాలప్ బాస్ మాత్రం దారి తప్పినవాడిలా ఇంకా నడుస్తూ ఉంటుంది. గోతిక్ రాక్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆ చివరి నిమిషం వినిపిస్తే చాలు. కుదించిన వెర్షన్ విన్నవాళ్లకు పాట తెలుస్తుంది, ఆ నిమిషం తెలియదు. దేశాన్ని బట్టి ఈ ఆల్బమ్‌లో ఒకటి రెండు పాటలు మారతాయి కూడా. కాబట్టి మీ కాపీలో మీకు కావాల్సిన పాట ఉందో లేదో వెనక అట్ట చూసి తీసుకోండి.

అయితే దీన్ని పూర్తిగా కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఒకటి, పాప్ బ్యాండ్‌గా ది క్యూర్ ఎంత గొప్పదో ఒకే డిస్క్‌లో ఇంత శుభ్రంగా చూపించేది మరొకటి లేదు. 'ది లవ్‌క్యాట్స్', 'ఇన్‌బిట్వీన్ డేస్', 'జస్ట్ లైక్ హెవెన్', 'ఫ్రైడే ఐయామ్ ఇన్ లవ్' ఒకే చోట వింటే, ఇది చీకటి బ్యాండ్ అప్పుడప్పుడూ రాసిన తేలిక పాటల మూట కాదని, అసలైన పాటలు కట్టే పనితనమని తెలుస్తుంది. రెండు, 'కట్ హియర్'. అసోసియేట్స్ బ్యాండ్ గాయకుడు బిల్లీ మెకెంజీ 1997లో చనిపోయాడు. చివరిసారి కలిసినప్పుడు అతనితో సరిగా మాట్లాడలేకపోయానన్న బాధలోంచి స్మిత్ రాసిన పాట అది. హిట్స్ ఆల్బమ్ చివర అతికించే కొత్త పాటలు సాధారణంగా ఎవరికీ గుర్తుండవు. ఇది మాత్రం ఇక్కడ ఉండాల్సిన స్థాయి పాటే. రెండో కొత్త పాట 'జస్ట్ సే యెస్' గురించి అంతగా చెప్పడానికేం లేదు.

మూడోది, అకూస్టిక్ డిస్క్. పరిమిత సంఖ్యలో వచ్చిన కాపీల్లో రెండో డిస్క్‌గా అవే 18 పాటలను అకూస్టిక్ (కరెంటు అక్కర్లేని) వాద్యాలతో కొత్తగా వాయించి ఇచ్చారు. "మళ్లీ ఇంకోటా?" అన్న పాత ఫ్యాన్స్‌లో చాలామంది మెత్తబడింది దీనివల్లే. 'ది లవ్‌క్యాట్స్' ఇలా ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అసలు పాటే జాజ్ లాంటి బాస్ మీద నిలబడింది. 'లలబై' గుసగుసలో ఉన్న భయం పెరుగుతుంది. 'ఎ ఫారెస్ట్' మాత్రం ఎకో లేకుండా తేలిపోతుంది. 2017 రికార్డ్ స్టోర్ డేకి (రికార్డు షాపుల కోసం ఏటా జరిపే రోజు) ఈ డిస్క్‌ను విడిగా ఎల్‌పీగా కూడా వేశారు.

జాయిన్ ది డాట్స్ (2004)

ఇది హిట్స్ కాదు. 1978 నుంచి 2001 దాకా సింగిల్స్ వెనకవైపు దాగిన పాటలు, అరుదైనవి, 70. స్మిత్ ప్రతి పాట గురించి రాసిన వివరాలు పుస్తకంలో ఉంటాయి. ఎవరైనా దీన్ని మొదటి కొనుగోలుగా సలహా ఇస్తే వినకండి. కానీ ఆ 1986 క్యాసెట్ రెండోవైపును గుర్తుచేసుకుని కళ్లు చెమర్చుకునే తరానికి ఇదే అసలైన సంకలనం. ఫ్యాన్స్ స్పందనలో చీలిక దాదాపు లేని విడుదల కూడా ఇదొక్కటే.

హిట్స్ కాని దారి ఒకటి

చీకటి కోసం వచ్చి, ఒక్క డిస్క్‌లో రుచి చూడాలనుకునేవాళ్లకు నేను చెప్పేది హిట్స్ ఆల్బమ్ కాదు, 'పారిస్' (1993). 1992 అక్టోబర్‌లో పారిస్‌లోని 'లె జెనిత్' హాల్లో చేసిన కచేరీల లైవ్ రికార్డింగ్. 'ది ఫిగర్‌హెడ్', 'వన్ హండ్రెడ్ ఇయర్స్', 'ఎట్ నైట్', 'షార్లెట్ సమ్‌టైమ్స్', అంటే 2001లో వదిలేసినవాటిలో కొన్ని, 'విష్' తర్వాతి బలమైన బ్యాండ్ చేతిలో. 'ప్లే ఫర్ టుడే'లో కీబోర్డు వాయించే ట్యూన్‌ను హాలు మొత్తం నోటితో పాడేస్తుంది. మాటలు పాడే జనాన్ని ఎక్కడైనా చూస్తాం. కీబోర్డు ట్యూన్ పాడే జనం వేరు. ఫ్యాన్స్ స్పందన ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఏ సమీక్షా చదవక్కర్లేదు, ఆ పాట వినండి. కచేరీల్లో ఆ అలవాటు ఇప్పటికీ ఉంది.

ఎవరికి ఏది

*'యాంట్-మ్యాన్' సినిమాలోని ఫైట్‌లో ఫోన్ 'డిసింటిగ్రేషన్' ప్లే చేయడం విని వచ్చినవాళ్లు.* మీరు విన్నది 'ప్లెయిన్‌సాంగ్'. సింగిల్ కాదు, పైన చెప్పిన మూడు హిట్స్ ఆల్బమ్‌లలో ఎందులోనూ లేదు. నేరుగా 1989 నాటి 'డిసింటిగ్రేషన్'కు వెళ్లండి. దానికదే ఒక సంకలనమంత బలంగా ఉంటుంది.

*రీల్స్‌లో 'ది పర్ఫెక్ట్ గర్ల్' విని వచ్చినవాళ్లు.* ఎక్కువగా తిరిగింది వేరే గాయకుడు పాడిన వెర్షన్. అసలు పాట 'కిస్ మీ, కిస్ మీ, కిస్ మీ' (1987) లోది. అదీ సింగిల్ కాదు కాబట్టి హిట్స్‌లో వెతకడం దండగ. ఆ ఆల్బమ్ తీసుకోండి. పాత సీడీల్లో చోటు చాలక 'హే యూ!!!' అనే పాట తీసేశారు, అది తెలిసి కొనండి.

*అడెల్ పాడిన 'లవ్‌సాంగ్' ద్వారా వచ్చినవాళ్లు, కారులో వినడానికి కావాల్సినవాళ్లు, ఇంట్లో అందరితో కలిసి వినేవాళ్లు.* 'గ్రేటెస్ట్ హిట్స్'. మొహమాటం అక్కర్లేదు. పాత ఫ్యాన్స్ ఎవరైనా మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

*సిస్టర్స్ ఆఫ్ మెర్సీ, సూక్సీ అండ్ ది బాన్షీస్ ఇప్పటికే వింటున్నవాళ్లు.* 'స్టేరింగ్ ఎట్ ది సీ' సీడీ, తర్వాత 'పోర్నోగ్రఫీ'. 1982–84 మధ్య స్మిత్ సూక్సీ బ్యాండ్‌లో గిటార్ వాయించాడు కాబట్టి కొన్ని చోట్ల చుట్టరికం చెవికి తగులుతుంది. 'గలోర్' మీకు తర్వాత సంగతి.

*2024లో వచ్చిన 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' విని, వెనక్కి వెళ్లాలనుకునేవాళ్లు.* 16 ఏళ్ల విరామం తర్వాత వచ్చి ఇంగ్లండ్ చార్టులో మొదటి స్థానానికి చేరిన ఆల్బమ్ అది. నెమ్మది, బరువు, పొడవాటి ఆరంభాలు నచ్చి ఉంటాయి. అలాంటప్పుడు హిట్స్ ఆల్బమ్ ఏదైనా మీకు తొందరపాటుగా అనిపిస్తుంది. 'ఫెయిత్', 'డిసింటిగ్రేషన్' వరుసగా వినండి. సింగిల్స్ చరిత్ర తర్వాత చూసుకోవచ్చు.

*డబ్బు పెట్టకుండా యాప్‌లోనే వినేవాళ్లు.* మన క్యాసెట్ షాపుల్లో కాగితం మీద పాటల లిస్టు రాసిచ్చి రికార్డు చేయించుకున్న తరం మనది, ఆ పని ఇప్పుడు ఫోన్‌లో చేయండి. 1986 సీడీ వరుస తీసుకుని, అందులో 'ఎ ఫారెస్ట్' తీసేసి ఆల్బమ్ వెర్షన్ పెట్టండి. దాని వెనక 'గలోర్' మొదటి 13 పాటలు చేర్చి, 'పిక్చర్స్ ఆఫ్ యూ' స్థానంలో ఏడున్నర నిమిషాలది వేయండి. చివర 'మింట్ కార్', 'కట్ హియర్'. రెండు గంటలు దాటుతుంది, దాటనివ్వండి.

*సెకండ్‌హ్యాండ్ డిస్కులు వెతికేవాళ్లు, ముఖ్యంగా అమెరికా, ఇంగ్లండ్‌లలో ఉన్న మనవాళ్లు.* 1986 సీడీ అక్కడ పాత షాపుల్లో తరచుగా కనిపిస్తుంది, కొత్తదానికి ఎక్కువ పెట్టకండి. ఎల్‌పీ అయితే 13 పాటలేనని గుర్తుంచుకోండి. క్యాసెట్ దొరికితే బేరం ఆడకుండా తీసుకోండి, కానీ ప్లేయర్‌లో పెట్టే ముందు టేపు వదులుగా ఉందేమో పెన్సిల్‌తో తిప్పి చూడండి. 'గ్రేటెస్ట్ హిట్స్' రెండు డిస్కుల కాపీ అని రాసుంటే, డబ్బు ఇచ్చే ముందు డబ్బా తెరిచి అకూస్టిక్ డిస్క్ లోపల ఉందో లేదో చూసుకోండి.